విక్రాంత్: పేరు ఒక చోట, ఓడ ఇంకో చోట

మన నూజివీడు నుంచి సముద్రం చూడాలంటే ఎటు వెళ్లినా గంటల ప్రయాణమే. ఇక్కడ కనుచూపు మేరా మామిడి తోటలే తప్ప అలలుండవు. అయినా ఈరోజు యుద్ధనౌకల గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఒక పేరు గురించి. ఆ పేరు విక్రాంత్.

ఈ పేరులో ఒక విచిత్రం ఉంది. 1965లో శత్రువు "విక్రాంత్‌ని ముంచేశాం" అని ప్రకటించుకున్నాడు. ఆ టైమ్‌కి ఓడ నిక్షేపంగా డ్రై డాక్‌లో మరమ్మతులు చేయించుకుంటోంది. 1971లో శత్రువు "విక్రాంత్ విశాఖపట్నంలో ఉంది" అని నమ్మాడు. ఓడ మాత్రం అండమాన్ దీవుల్లో దాక్కుని ఉంది. 2014లో ముంబైలో విక్రాంత్‌ని ముక్కలు ముక్కలుగా కోసేశారు. అప్పటికే కొచ్చిలో విక్రాంత్ నీటి మీద తేలుతోంది. అంటే మూడుసార్లు పేరు ఒక చోట, ఓడ ఇంకో చోట. ఇందులో మధ్య కథ మన తెలుగు నేల మీద, విశాఖ తీరంలో జరిగింది. ఆ కథకి ఒక రాత్రి 90 మందికి పైగా ప్రాణాలు బలయ్యాయి. అందుకే ఇది వట్టి పేరు కబురు కాదు.

ముందు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

"విక్రాంత" అనేది సంస్కృత పదం. మూలంలో "అడుగు వేయడం" అనే అర్థం ఉంది. ముందుకు అడుగేసినవాడు, హద్దు దాటి వెళ్లినవాడు, అలా పరాక్రమవంతుడు అన్నమాట. త్రివిక్రముడు అనే పేరు కూడా ఇదే కుటుంబంలోది. త్రివిక్రమ్ అనగానే మీకు సినిమా డైరెక్టర్ గుర్తొస్తారు, తప్పులేదు. కానీ అసలు త్రివిక్రముడు బలి చక్రవర్తి దగ్గర మూడడుగుల నేల అడిగిన వామనుడు. పోతన భాగవతంలో ఆ ఘట్టం మన స్కూలు పుస్తకాల దాకా వచ్చింది. విక్రమార్కుడిలోని విక్రముడు కూడా ఈ వరసే.

ఈ మాట భగవద్గీతలో మొదటి అధ్యాయం, ఆరో శ్లోకంలో కనిపిస్తుంది. యుధామన్యుడు అనే పాంచాల యోధుడికి విశేషణంగా వాడారు. కురుక్షేత్రంలో అర్జునుడి రథచక్రాలకు కాపలా కాసిన ఇద్దరిలో ఇతనొకడు. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ఆ శ్లోకంలో మాట్లాడుతున్నది ఎవరు? దుర్యోధనుడు. ద్రోణాచార్యుడి దగ్గరికి వెళ్లి, అవతలి సైన్యంలో ఎంత పెద్ద వీరులున్నారో చూడండి అంటూ ఒక్కొక్కరి పేరూ చెబుతాడు. అంటే "విక్రాంతుడు" అనే బిరుదు ఇక్కడ శత్రువు నోట్లోంచి వచ్చింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. విశాఖ కథకి వెళ్లాక ఇది పనికొస్తుంది.

సరే, ఈ ఓడకి విక్రాంత్ అని పేరు పెట్టకముందు ఇంకో పేరుండేది. అది కూడా పురాణం నుంచి వచ్చిందే. కాకపోతే మన పురాణం కాదు, గ్రీకు పురాణం. పేరు హెర్క్యులీస్. పన్నెండు అసాధ్యమైన పనులు చేసిన మహాబలుడు. బ్రిటిష్ నౌకాదళానికి ఈ పేరంటే బాగా ఇష్టం. 1759లోనే 74 ఫిరంగుల తెరచాప ఓడకి హెర్క్యులీస్ అని పెట్టుకున్నారు. 1868లో ఇనుప కవచమున్న ఓడ ఒకటి అదే పేరుతో నీళ్లలోకి దిగింది. 1910లో ఒక భారీ యుద్ధనౌకకి మళ్లీ అదే పేరు. అది 1916లో జట్లాండ్ యుద్ధంలో పాల్గొంది.

ఇక్కడొక తమాషా ఉంది. 1910 నాటి కొత్త హెర్క్యులీస్ కోసం పేరు కావాలి. కానీ 1868 నాటి పాత హెర్క్యులీస్ ఇంకా బతికే ఉంది. జిబ్రాల్టర్‌లో నావికులు పడుకునే వసతి ఓడగా వాడుతున్నారు. ఒకే దళంలో ఒకే పేరుతో రెండు ఓడలు ఉండకూడదు కదా! అందుకని 1909లో ముసలి ఓడ దగ్గర పేరు లాగేసుకుని దానికి వేరే పేరు పెట్టారు. ఏం పేరో తెలుసా? కలకత్తా. గ్రీకు వీరుడి పేరు పోయి మన ఊరి పేరు వచ్చింది. తర్వాత ఆ పేరు కూడా మార్చి, 1932లో తుక్కుకి అమ్మేశారు.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1943 అక్టోబర్‌లో, మరో హెర్క్యులీస్ మొదలైంది. ఈసారి విమానవాహక నౌక. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో కట్టడం మొదలుపెట్టి, 1945 సెప్టెంబర్ 22న నీళ్లలోకి దింపారు. అప్పటికి జపాన్ లొంగుబాటు సంతకాలు పెట్టి ఇరవై రోజులైంది. యుద్ధమే అయిపోయాక యుద్ధనౌక ఎందుకు? పని ఆపేశారు. సగం కట్టిన ఇల్లులా హెర్క్యులీస్ ఏళ్ల తరబడి అలాగే పడుంది. పన్నెండు పనులు చేసిన వీరుడి పేరు పెట్టుకుని ఒక్క పనీ చేయలేదు.

1957లో మన ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ షిప్‌యార్డ్‌లో పూర్తి చేయించింది. అవును, టైటానిక్‌ని కట్టిన షిప్‌యార్డే. 1961 మార్చి 4న అక్కడే విజయలక్ష్మి పండిట్ చేతుల మీదుగా అది భారత నౌకాదళంలో చేరింది. అప్పటి నుంచి హెర్క్యులీస్ కాస్తా ఐఎన్ఎస్ విక్రాంత్ అయింది. నంబరు ఆర్-11. నినాదం ఋగ్వేదం నుంచి తీసుకున్నారు. పొడవు సుమారు 213 మీటర్లు. స్వాతంత్ర్యం వచ్చి పద్నాలుగేళ్లు కూడా నిండని దేశానికి అది చాలా పెద్ద అడుగే.

ఇప్పుడు మొదటి సంఘటన. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. దేశం మొత్తం విక్రాంత్ ఏం చేస్తుందా అని చూసింది. విక్రాంత్ ఏమీ చేయలేదు, చేసే పరిస్థితి లేదు. ఓడ మరమ్మతుల కోసం డ్రై డాక్‌లో ఉంది. డ్రై డాక్ అంటే నీళ్లు తోడేసి ఓడని పొడి నేల మీద నిలబెట్టే చోటు. అలాంటి టైమ్‌లో అవతలి వైపు నుంచి "విక్రాంత్ మునిగిపోయింది" అని వార్త వచ్చింది. నీళ్లే లేని చోట ఉన్న ఓడ ఎలా మునుగుతుంది? మునిగింది పేరు మాత్రమే. కానీ నావికుల బాధ వేరు. ఇంత పెద్ద పేరు పెట్టుకుని యుద్ధంలో ఒడ్డున కూర్చున్నామే అని. ఆ బాధ ఆరేళ్లు వాళ్లని వెంటాడింది.

1971కి వద్దాం. ఇవాళ్టి బంగ్లాదేశ్ అప్పుడు తూర్పు పాకిస్తాన్. అక్కడ పోరాటం నడుస్తోంది. యుద్ధం వస్తే బంగాళాఖాతంలో విక్రాంత్ కీలకం. ఎందుకంటే తూర్పు పాకిస్తాన్‌కి సముద్రం నుంచి వచ్చే దారులన్నీ మూసేయాలంటే విమానాలు మోసుకెళ్లే ఓడ కావాలి. కానీ విక్రాంత్‌కి పెద్ద సమస్య వచ్చిపడింది. దాని నాలుగు బాయిలర్లలో ఒకదాంట్లో పగులు.

బాయిలర్ పగిలితే ఏమవుతుంది అని అడగొచ్చు. ఆవిరితో నడిచే ఓడ అది. ఆవిరి తగ్గితే స్పీడు తగ్గుతుంది. 24 నాట్లు దాటి వెళ్లాల్సిన ఓడ 16 నాట్ల దగ్గర ఆగిపోయింది. మన లెక్కలో చెప్పాలంటే గంటకి 45 కిలోమీటర్ల నుంచి 30కి పడిపోయింది. ఆటో స్పీడు అన్నమాట. విమానవాహక నౌకకి స్పీడు అనేది తొందరగా వెళ్లడానికే కాదు. విమానం గాల్లోకి లేవాలంటే ఎదురుగాలి బలంగా తగలాలి. అందుకే ఓడ గాలికి ఎదురుగా తిరిగి వీలైనంత వేగంగా పరిగెడుతుంది. పైగా విమానాన్ని ముందుకి విసిరే యంత్రం, దాన్ని కేటపుల్ట్ అంటారు, అది కూడా ఆవిరితోనే పనిచేసేది. కాబట్టి బాయిలర్‌లో పగులంటే ఓడకి ఊపిరితిత్తుల్లో జబ్బు లాంటిది. విక్రాంతుడే, కానీ కుంటుతూ నడుస్తున్నాడు.

ఇదిలా ఉండగా కరాచీ నుంచి నవంబర్ 14న ఒక సబ్‌మెరైన్ బయల్దేరింది. దాని పేరు గాజీ. కమాండర్ జాఫర్ ముహమ్మద్ ఖాన్. పాకిస్తాన్ దగ్గరున్న సబ్‌మెరైన్లలో అంత దూరం, అంటే శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగలిగింది అదొక్కటే. దాని ముఖ్యమైన టార్గెట్ విక్రాంత్.

గాజీ అంటే యుద్ధవీరుడికి ఇచ్చే బిరుదు. అదీ మొదటి నుంచీ ఉన్న పేరు కాదు. 1945లో అమెరికా నౌకాదళంలో చేరినప్పుడు దాని పేరు డయాబ్లో. స్పానిష్‌లో దెయ్యం అని అర్థం. 1960ల్లో అమెరికా పాకిస్తాన్‌కి ఇచ్చాక గాజీ అయింది.

విశాఖలో మన తూర్పు నౌకాదళాన్ని నడిపిస్తున్నది వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయనకి శత్రు సబ్‌మెరైన్ వస్తోందన్న అనుమానం బలంగా ఉంది. కుంటుతున్న విక్రాంత్‌ని ఎలా కాపాడాలి? ఓడని దాచేసి, పేరుని బయట పెట్టారు. ఓడని అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్ అనే మారుమూల రేవుకి పంపేశారు. పేరుని మాత్రం విశాఖలోనే ఉంచారు.

ఎలా ఉంచారు? ఈ రోజుల్లో ఫోన్‌లో ఫేక్ లొకేషన్ పెట్టినట్టే. విక్రాంత్ వేషం వేయడానికి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడని ఎంచుకున్నారు. పెద్ద ఓడ ఉంటే ఎన్ని వైర్‌లెస్ సందేశాలు నడుస్తాయో అన్ని సందేశాలు రాజ్‌పుత్ నుంచి పంపారు. పెద్ద నౌకాదళానికి సరిపడా మాంసం, కూరగాయలు కావాలని బజారులో ఆర్డర్లు పెట్టారు. గూఢచారుల చెవిన పడాలనే. విక్రాంత్‌లో పనిచేసే నావికుడెవరో తల్లికి సీరియస్‌గా ఉందని ఆరా తీస్తున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా నడిపారు. యుద్ధం ముంగిట అంత అజాగ్రత్తగా ఎవరైనా మెసేజ్ పంపుతారా? పంపరు. కానీ మనుషులు తప్పులు చేస్తారని అందరికీ తెలుసు. అందుకే ఆ తప్పుని శత్రువు నమ్ముతాడని వీళ్ల లెక్క. ఈ ప్లాన్ సంగతులు కృష్ణన్ తర్వాత తన పుస్తకాల్లో రాసుకున్నారు.

వేషం వేసిన రాజ్‌పుత్‌కి కూడా పాత పేరుంది. రోథర్‌హామ్. బ్రిటన్‌లో ఒక ఊరి పేరు. 1942లో నీళ్లలోకి దిగిన ఓడ. చూశారా, ఈ కథలో ఉన్న మూడు ఓడలూ రెండో ప్రపంచ యుద్ధం కోసం పుట్టినవే. మూడింటికీ పాత పేర్లు తీసేసి కొత్త పేర్లు పెట్టారు. హెర్క్యులీస్, డయాబ్లో, రోథర్‌హామ్ పుట్టినప్పుడు ఒకే వైపు. విక్రాంత్, గాజీ, రాజ్‌పుత్ అయ్యాక ఎదురెదురు వైపులు. ఇనుము అదే. పేరు మారింది, పేరుతో పాటు ఎవరి కోసం చావాలన్నదీ మారింది.

డిసెంబర్ 3 రాత్రి. ఆ సాయంత్రమే పడమటి వైపు పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ హార్బర్ నుంచి అర్ధరాత్రికి కాస్త ముందు బయటికొచ్చింది. దారి చూపించే పైలట్ దిగిపోయిన కాసేపటికి, నీటి మీద అలజడి కనిపించింది. సబ్‌మెరైన్ మునుగుతున్నట్టుందని అనుమానించి రెండు డెప్త్ చార్జీలు వేశారు. అవి నీటి లోపలికి దిగి పేలే బాంబులు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి తీరంలో పెద్ద పేలుడు శబ్దం వినిపించింది. తెల్లారాక మత్స్యకారులకి నీటి మీద తేలుతున్న వస్తువులు దొరికాయి. డైవర్లు దిగి చూస్తే అడుగున గాజీ ఉంది. లోపల ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

గాజీ ఎందుకు పేలింది అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే అని మన నౌకాదళం చెబుతుంది. హార్బర్ దగ్గర మందుపాతరలు పెడుతూ వాటిలో ఒకటి పేలి మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. లోపల ప్రమాదం వల్ల పేలుడు జరిగిందనే వాళ్లూ ఉన్నారు. ఎవరు చెప్పేది ఏదైనా, ఒక విషయంలో తేడా లేదు. గాజీ విశాఖ దాకా వచ్చింది. అది వెతుకుతున్న ఓడ ఆ రేవులో లేదు.

2017లో వచ్చిన ఘాజీ సినిమా మీలో చాలామంది చూసుంటారు. సంకల్ప్ రెడ్డి డైరెక్షన్, రానా హీరో. అందులో మన సబ్‌మెరైన్ ఒకటి నీటి అడుగున గాజీతో పోరాడి ముంచేస్తుంది. సినిమాగా బాగుంటుంది. కానీ మన నౌకాదళం చెప్పే కథలో సబ్‌మెరైన్ లేదు. ఉన్నది ఒక పాత డిస్ట్రాయర్, కొన్ని దొంగ సందేశాలు, బజారులో కూరగాయల ఆర్డరు. నిజం చెప్పాలంటే నాకు ఈ కథే ఎక్కువ నచ్చుతుంది. ఇందులో బలం కన్నా బుర్ర ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడు ఆ దుర్యోధనుడి పాయింట్‌కి వద్దాం. విక్రాంత్ అనే పేరు విశాఖలో ఎందుకు ఎరగా పనిచేసింది? శత్రువు ఆ పేరుకి విలువ ఇచ్చాడు కాబట్టి. ఎవరూ పట్టించుకోని ఓడ పేరు పెట్టి ఎన్ని దొంగ టెలిగ్రాంలు ఇచ్చినా, దాని కోసం కరాచీ నుంచి ఎవరూ రారు. మనం పెట్టుకున్న పేరుకి బరువు మనం పొగుడుకుంటే రాదు. అవతలివాడు లెక్కలోకి తీసుకున్నప్పుడు వస్తుంది. గీతలో ఆ మాట దుర్యోధనుడి నోట వచ్చినట్టే.

మరి అసలు ఓడ సంగతి? డిసెంబర్ 4న, ఆ పగిలిన బాయిలర్‌తోనే, విక్రాంత్ నుంచి సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద, తర్వాత చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. తర్వాతి రోజుల్లో తూర్పు పాకిస్తాన్ రేవులకి సముద్రపు దారి మూసుకుపోయింది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. విక్రాంత్ సిబ్బందికి రెండు మహావీర చక్రలు, పన్నెండు వీర చక్రలు వచ్చాయి. నా దృష్టిలో ఆ ఓడ పేరుకి అర్థం అప్పుడే కుదిరింది. విక్రాంత అంటే అడుగు ముందుకేసినవాడు అనుకున్నాం కదా. బాగున్న కాళ్లతో అడుగేయడం ఒకటి, కుంటి కాలితో అడుగేయడం ఇంకొకటి.

ఇక్కడితో అయిపోయిందా అంటే లేదు. మూడో సంఘటన ఉంది. విక్రాంత్‌ని 1997 జనవరి 31న రిటైర్ చేశారు. 2001 నుంచి 2012 దాకా ముంబైలో మ్యూజియంగా ఉంచారు. తర్వాత సేఫ్టీ కారణాలతో మూసేశారు. ఓడని కాపాడాలని కోర్టుల దాకా వెళ్లారు, సుప్రీంకోర్టులో కూడా నిలబడలేదు. సుమారు 60 కోట్ల రూపాయలకి తుక్కు కింద అమ్మేశారు. 2014 నవంబర్‌లో ముంబైలోని దారుఖానా దగ్గర కోయడం మొదలైంది. ఆ లోహంలో కొంత కరిగించి 2016లో బజాజ్ కంపెనీ వి అనే బైక్‌లో వాడింది. గాల్లోకి విమానాల్ని విసిరిన ఇనుము ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగాల్సి వచ్చింది.

కానీ పేరు అప్పటికే వేరే చోట ఉంది. కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో 2009లో మన దేశమే సొంతంగా ఒక విమానవాహక నౌకని కట్టడం మొదలుపెట్టింది. 2013 ఆగస్టు 12న విక్రాంత్ పేరుతోనే నీళ్లలోకి దింపారు. అంటే పాత విక్రాంత్‌ని కోయకముందే కొత్త విక్రాంత్ తేలుతోంది. 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేరింది. 262 మీటర్ల పొడవు, సుమారు 20,000 కోట్ల ఖర్చు. నంబరు మళ్లీ ఆర్-11. నినాదం అదే. 2023లో పాత ఓడ గంటని కూడా కొత్త ఓడకి ఇచ్చారు.

మరి ఇది అదే విక్రాంతా, వేరేదా? మన నూజివీడు వాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. మీ తోటలో చిన్నరసం చెట్టు ముసలిదైపోయింది అనుకోండి. దాని టెంక నాటితే తల్లి రుచే వస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే తల్లి చెట్టు కొమ్మ తెచ్చి వేరే మొక్కకి అంటు కడతారు. వేరు వేరేది, కాండం కింది భాగం వేరేది, అయినా కాసే కాయ చిన్నరసమే. చెట్టు పోయినా పేరు పోదు, ఎందుకంటే పేరుతో పాటు తల్లి కొమ్మ కూడా వచ్చింది. వట్టి బోర్డు మీద చిన్నరసం అని రాసి ఏ మొక్కకో తగిలిస్తే కాయ కాశాక రైతు పరువు పోతుంది.

ఓడ విషయంలో ఆ కొమ్మ ఏది? ఇనుము కాదు, అది బైకుల్లోకి పోయింది. నంబరు, నినాదం, గంట, ఇవి గుర్తులు. అసలు కొమ్మ 1971లో ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు తెలిసి ఉండడం. పగిలిన బాయిలర్, దొంగ టెలిగ్రాం, 1965లో ఒడ్డున కూర్చున్న బాధ, అన్నీ కలిపి. కొత్త విక్రాంత్‌లో చేరే ఇరవై ఏళ్ల కుర్రాడికో అమ్మాయికో ఈ కథ తెలిస్తే పేరు అంటు కుదిరినట్టు. తెలియకపోతే అది పెయింట్‌తో రాసిన తొమ్మిది వందల కేజీల బోర్డుతో సమానం, బరువే తప్ప అర్థం ఉండదు.

నౌకాదళంలో ఇది అలవాటుగా వస్తోంది. 1971 డిసెంబర్ 9న అరేబియా సముద్రంలో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే వెళ్లిపోయారు. 1989లో ఆ పేరు మళ్లీ ఒక కొత్త ఓడకి పెట్టారు. ఆ రెండో ఖుక్రీ 2021 డిసెంబర్‌లో మన విశాఖలోనే రిటైర్ అయింది. అవతలి వైపు కూడా ఇదే పద్ధతి. 1975లో పాకిస్తాన్ పోర్చుగల్ నుంచి ఒక సబ్‌మెరైన్ కొని దానికి గాజీ అని పేరు పెట్టింది. వాళ్లకీ పోయినవాళ్లున్నారు. వాళ్లూ పేరుని పోనివ్వలేదు.

పురాణాల పేర్లు మన నౌకాదళంలో ఇంకా చాలా ఉన్నాయి. ట్యాంకుల్ని మోసుకెళ్లి ఒడ్డున దించే ఓడ పేరు ఐరావత్. సముద్రం చిలికితే పుట్టిన ఏనుగు కదా, సరిగ్గా సరిపోయింది. విశాఖలో మెరైన్ కమాండోల స్థావరం పేరు ఐఎన్ఎస్ కర్ణ, 2016లో మొదలైంది. ముంబైలో ఐఎన్ఎస్ అభిమన్యు ఉంది. కొచ్చిలో ఫిరంగుల శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ ద్రోణాచార్య. లక్షద్వీప్‌లో మినికాయ్ దీవిలో 2024లో ఐఎన్ఎస్ జటాయు వచ్చింది. వీటిలో కర్ణ, అభిమన్యు, ద్రోణాచార్య, జటాయు ఓడలు కావు, నేల మీద ఉన్న స్థావరాలు. నౌకాదళం సంప్రదాయంలో ఒడ్డున ఉన్న స్థావరానికి కూడా ఓడలాగే పేరు పెడతారు.

ఇంకో సంగతి చూడండి. కర్ణుడు, అభిమన్యుడు, ద్రోణుడు, జటాయువు. నలుగురూ పోరులో ప్రాణాలు కోల్పోయినవాళ్లే. విక్రాంతుడని పేరుపడ్డ యుధామన్యుడు కూడా యుద్ధం ముగిశాక అశ్వత్థామ చేసిన రాత్రి దాడిలో పోయాడు. మన కథలు గెలిచినవాళ్ల పేర్లతో పాటు పోయినవాళ్ల పేర్లని కూడా దాచుకున్నాయి. ఆ పేర్లు పెట్టుకున్నప్పుడు ఆ చావుల్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఈసారి విశాఖ వెళ్తే ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది. లోపలికి వెళ్తే అంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా బతికారో అర్థమవుతుంది. అక్కడికి దగ్గర్లోనే 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. దాని ముందు ఫొటో దిగండి, తప్పకుండా దిగండి. దిగాక ఒక్క నిమిషం సముద్రం వైపు తిరగండి. ఆ నీళ్ల అడుగున ఇంకా గాజీ ఉంది. అందులో ఉన్నవాళ్లు అక్కడ లేని ఓడ కోసం వచ్చి తిరిగి వెళ్లలేకపోయారు. మన ఓడలో ఉన్నవాళ్లు ఆ కారణంగానే ఇంటికి చేరారు. ఈ రెండూ ఒకే రాత్రి కథ. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే అది చరిత్ర కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా 1971 డిసెంబర్‌లో విశాఖలో ఉన్నారేమో అడగండి. ఆ రాత్రి శబ్దం విన్నారా, లైట్లు ఆర్పేసుకుని కూర్చున్నారా, మర్నాడు బజారులో ఏమనుకున్నారు, అన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఈ పని వాయిదా వేసేది కాదు. దొరికితే కింద కామెంట్‌లో రాయండి, మిగతావాళ్లం చదువుతాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.